ఆరె ఉన్న ఇల్లు, ఆరె లేని ఇల్లు: చెప్పుల మరమ్మతు చరిత్ర

మా అక్క కొడుకు హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. వారానికి రెండుసార్లు చీకటితోనే లేచి సైకిల్ తొక్కడానికి పోతాడు. 2023 అక్టోబర్ 1న ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ దారి ప్రారంభించారు కదా, అక్కడికి. ఆ తొక్కుడికి వేరే బూట్లున్నాయి. అడుగు చెక్కలాగా గట్టిగా ఉంటుంది, వంగదు. దాని కింద మరలతో బిగించిన చిన్న బిళ్ల ఉంటుంది. కాలు పెట్టి నొక్కితే ఆ బిళ్ల టక్కున పెడల్‌లోకి దిగి కూర్చుంటుంది. కొత్తవి కొనలేక ఎవరో వాడినవి సగం ధరకు కొన్నాడు. రెండు వానాకాలాలు గడిచేసరికి ముక్కు దగ్గర అడుగు ఊడింది. మడమ లోపలి గుడ్డ అరిగి చిరిగింది. మరి బాగుచేయించుకోవాలి కదా. వాడుండే వీధి చివర గొడుగు కింద చెప్పులు కుట్టే ఆయనొకరున్నారు. ఆయన దగ్గరికి పోవడానికి వీడికి సిగ్గేసింది. ఆయన మనవాడే. మనవాడు కాబట్టే సిగ్గు.

గమ్ము తెచ్చుకుని ఇంట్లోనే అతికించుకున్నాడు. సైకిల్ స్నేహితులు 'నువ్వే చేశావా!' అని మెచ్చుకున్నారట. సంక్రాంతికి ఊరికి వచ్చేనాటికి ఆ అతుకు మళ్లీ నోరు తెరిచింది. మా నాయన చూశాడు. ఎనభై దాటిన మనిషి, చూపు తగ్గింది. బూటు ఒళ్లో పెట్టుకుని వేళ్లతో తడిమాడు.

'గీకావా?' అన్నాడు.

'ఏం గీకాలి తాతా?'

'రెండు మొహాలూ గీకాల్రా. నున్నటిదాని మీద ఏదీ నిలవదు. గమ్ము పూసి వెంటనే అంటించావా?'

'ఆఁ.'

'అదీ తప్పే.'

ఆ రోజు మధ్యాహ్నం నాయన ఆ బూటు బాగుచేశాడు. తిరిగి హైదరాబాదు పోయిన వారానికి మేనల్లుడు నాకు ఫోన్ చేశాడు. 'మా తాత కుట్టాడని చెప్పాను మామయ్యా. తాతగారు ఏం చేసేవారని అడిగారు. ఏం చెప్పమంటావ్?' ఆ పూట నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. అప్పటినుంచీ వెతికి, ఆలోచించి రాసినదే ఈ వ్యాసం.

సూదికి లేని మైల ఆరెకు ఎందుకు?

మన తెలుగు ఇళ్లల్లో బాగుచేసుకోవడమనేది కొత్త సంగతేం కాదు. చిరిగిన చీరకు అతుకు వేస్తారు, పాత చీరలతో బొంత కుడతారు. చేట అల్లిక వదులైతే పేడతో అలికి మళ్లీ వాడతారు. మంచం నులక తెగితే ముడేసి బిగిస్తారు. సూదీదారం లేని ఇల్లు ఏ కులంలోనూ ఉండదు. మరి ఇన్ని బాగుచేసుకునే ఇంట్లో తెగిన చెప్పును మాత్రం ఎందుకు బాగుచేసుకోలేదు? బ్రాహ్మణ ఇంట్లోగానీ, రెడ్డి, కమ్మ, వెలమ ఇళ్లల్లోగానీ, చివరికి చేతిపని చేసుకు బతికే బీసీ కులాల ఇళ్లల్లోగానీ ఆరె ఎందుకు లేదు?

పని కష్టమనేది జవాబు కాదు. బొంత కుట్టే చేతికి ఉంగటం కుట్టడం నేర్చుకోలేనంత కష్టమైన పని కాదు. ఆరె ఖరీదైన వస్తువూ కాదు, చెక్క పిడిలో దిగేసిన ఇనప మొన. తోలు ముట్టుకోవడం మైల అన్నారు కాబట్టి ఆరె ఆ ఇళ్లల్లోకి రాలేదు. బట్ట మీద నడిచే మొన సూది అయింది, తోలు మీద నడిచే మొన కులం అయింది. చేసే పని ఒకటే: బొక్క పెట్టడం, దారం దూర్చడం, లాగి బిగించడం.

కులం పనులను పంచడం కాదు, పనిచేసే మనుషులనే ఒకరి మీద ఒకరిని మెట్లు మెట్లుగా పేరుస్తుందని అంబేద్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో వివరించారు. ఆ మాట అర్థం కావాలంటే పెద్ద గ్రంథాల దాకా పోనక్కర్లేదు. ఏ ఇంట్లో ఏ పనిముట్టు ఉందో, ఏది లేదో లెక్క రాస్తే చాలు.

ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. చెప్పును ఇంట్లో బాగుచేయడం ఈ మధ్య మొదలైన పని కాదు. చెప్పు ఎప్పుడూ ఇంట్లోనే బాగయింది. అయితే అది మాదిగ ఇల్లు. మా ఇంట్లో గడప పక్కన గూట్లో ఆరె, రంపె, గూటం, మైనం ముద్ద ఉండేవి. మా అమ్మ మైనం పట్టించి దారం పేనేది, నాయన కుట్టేవాడు. వాడ ఆడవాళ్ల చెయ్యి లేకుండా ఒక్క చెప్పూ ఊళ్లోకి పోలేదు. అయినా 'చెప్పులు కుట్టేవాడు' అనే మాటే ఉంది గానీ, ఆమెకు ఒక మాట కూడా లేదు.

మరమ్మతు విడిగా లేని కాలం

పాత పల్లె వ్యవస్థలో చెప్పుల మరమ్మతు అనే పని విడిగా లేదు. తోలు తీయడం, ఊనడం, కోయడం, కుట్టడం, తెగితే మళ్లీ కుట్టడం అన్నీ ఒకే చేతిలో ఉండేవి. చచ్చిన గొడ్డును లాక్కొచ్చి తోలు తీసేవారు. సున్నపు నీళ్లలో రోజుల తరబడి నానబెడితే వెంట్రుక వదిలేది. వెంట్రుకా లోపలి కండా గీకి, సున్నం పోయేదాకా కడిగి, లందలో తంగేడు చెక్క రసంలో ఊరేసేవారు. కొన్నిచోట్ల తోలునే సంచిలా కుట్టి, అందులో తంగేడు చెక్క, నీళ్లు నింపి కర్రకు వేలాడగట్టేవారు. ఆ రసం మెల్లగా తోలులోకి ఇంకి కిందికి కారేది. కారిందాన్ని మళ్లీ పైన పోసేవారు. కుళ్లిపోయే చర్మాన్ని కుళ్లని తోలుగా మార్చే రసాయనం ఇది. ఎప్పుడు తీయాలో, ఎంత చెక్క వేయాలో, ఏ కాలంలో ఎన్నాళ్లు పడుతుందో వేలితో నొక్కి, అంచు కోసి చూసి చెప్పేవారు.

తంగేడును 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు. బతుకమ్మలో పేర్చే పువ్వు కాబట్టి అది న్యాయమే. కానీ అదే చెట్టు చెక్కతో ఈ నేలంతా కొన్ని వందల ఏళ్లు నడిచింది, నీళ్లు తోడుకుంది. పువ్వు అందరిదీ అయింది. చెక్కను ఎవరూ తలుచుకోరు.

'నీళ్లు తోడుకుంది' అని ఊరికే అనలేదు. మోట బావికి కావాల్సిన తొండం తోలుదే. ఎద్దుల మెడపట్టీలు, కాడికి కట్టే వార్లు, చెర్నాకోల అన్నీ మాదిగ ఇంటినుంచే. డప్పు కూడా. అంటే వ్యవసాయం సగం తోలు మీద నడిచింది. దీనికి బదులు కళ్లంలో మేర ఇచ్చేవారు. తొండం చిరిగితే కుట్టాలి, చెప్పు తెగితే కుట్టాలి, దానికి వేరే కూలి లేదు, మేరలోనే జమ. ఇక్కడే మరమ్మతు చరిత్రకు మొదటి ముడి ఉంది. కొత్త చెప్పుకైనా ఒక విలువ ఉండేదేమో గానీ, బాగుచేసినదానికి ధర అనేదే పుట్టలేదు. ఈరోజు రోడ్డు పక్కన పది రూపాయల కుట్టుకు కూడా 'ఐదు తీసుకో' అని బేరమాడే నోరు ఆ కళ్లంలో పుట్టింది.

తెలంగాణలో ఈ మాత్రం మేర కూడా లేకుండా వెట్టి నడిచింది. దొరల ఇళ్లకు చెప్పులు, వ్యవసాయపు తోలు సామాన్లు మాదిగలు ఉచితంగా ఇవ్వాల్సివచ్చేదని తెలంగాణ సాయుధ పోరాటం గురించి రాసిన పుచ్చలపల్లి సుందరయ్య నమోదు చేశారు. వై.బి. సత్యనారాయణ తన కుటుంబ చరిత్ర 'మై ఫాదర్ బాలయ్య' (2011)లో ఒక ముత్తాత సంగతి చెబుతారు. ఆయన కుట్టి ఇచ్చిన చెప్పులు మెచ్చి నిజాం యాభై ఎకరాలు ఇనాం ఇచ్చాడు. ఊరి దొర దాన్ని దక్కనివ్వలేదు, రెండెకరాలే చేతికి మిగిలాయి. పనితనాన్ని రాజు గుర్తించినా ఊరు గుర్తించనివ్వదు. మనవాళ్ల చేతిపని చరిత్రలో ఇలాంటి యాభై ఎకరాలు ఎన్ని పోయాయో ఎవరు లెక్కేశారు?

చెప్పులు కుట్టిన మనిషే ఊరి వీధిలో చెప్పులు విప్పి చేతబట్టుకుని నడవాల్సి వచ్చింది. ఇది పాఠకులకు కొత్తగా చెప్పాల్సింది కాదు. అయితే దీన్ని మరమ్మతు వైపునుంచి చూడండి. ఊరివాళ్ల కాళ్లకు ఏది సుఖమో, ఎవరి మడమ ఏ వైపు అరుగుతుందో, ఎవరికి ఆనెకాయ ఉందో తెలిసినవాడు తన కాలికి అదే సుఖం తొడుక్కోకూడదు. ఊరి పాదాలన్నీ అతనికి తెలుసు, అతని పాదం మాత్రం ఊరికి కనపడకూడదు.

చేయడం పోయింది, కుట్టడం మిగిలింది

ఈ కట్టు ఎలా విడిపోయిందో చూద్దాం. మొదట పోయింది తోలు. పంతొమ్మిదో శతాబ్దంలో మద్రాసు రేవునుంచి ఊనిన తోళ్ల ఎగుమతి పెద్ద వ్యాపారమైంది. పల్లెలో లందలో ఊరాల్సిన తోలు పచ్చిదిగానే వర్తకుడి బండెక్కింది. తర్వాత ఊనే పద్ధతి మారింది. 1903లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ మద్రాసులో క్రోము లవణాలతో ఊనే ప్రయోగాలు మొదలుపెట్టాడు. తంగేడు చెక్కతో వారాలు పట్టే పని క్రోముతో రోజుల్లో అవుతుంది. ఆ తోలు నీళ్లకు అంత త్వరగా చెడదు. కానీ దానికి ఫ్యాక్టరీ కావాలి, పెట్టుబడి కావాలి. లంద ఉన్నవాడికి ఆ రెండూ లేవు.

1948లో మద్రాసులో కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఏర్పడింది. గుంటూరు జిల్లా యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ 1958లో దానికి డైరెక్టరై ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నారు. ఆయన ప్రతిభను కాదనడం లేదు. నేను గమనించమంటున్నది వేరు. తోలు పని ప్రయోగశాలలోకి పోగానే శాస్త్రమైంది, పద్మశ్రీకి తగిన పని అయింది. లంద గట్టు మీద అది కులవృత్తిగానే ఉండిపోయింది. 'కులవృత్తి' అనే మాటలోనే మోసం ఉంది. అందులో నేర్చుకోవడం ఉండదు, కనిపెట్టడం ఉండదు, పుట్టడం ఒక్కటే ఉన్నట్టు వినపడుతుంది.

రెండోసారి పోయింది చెప్పు చేయడం. 1894లో జ్లీన్ ఊళ్లో మొదలైన బాటా కంపెనీ 1932లో కలకత్తా దగ్గర కొన్నగర్‌లో పని మొదలుపెట్టి, 1934లో బాటానగర్ కట్టడానికి పునాది వేసింది. రబ్బరు అడుగు, కాన్వాసు గుడ్డ బూట్లు చవగ్గా వచ్చాయి. మూడోసారి పోయింది తొండం. కరెంటు మోటార్లు, ఆయిల్ ఇంజన్లు వచ్చాక మోట బావులు ఆగిపోయాయి. ట్రాక్టరు వచ్చాక ఎద్దుల వార్లూ పోయాయి. మేర అడగడానికి కారణమే లేకుండా పోయింది.

ఇన్ని పోయాక మిగిలింది ఒకటే: తెగినదాన్ని కుట్టడం. ఎవరో ఎక్కడో తయారుచేసి లాభం తీసుకున్న చెప్పు తెగితే, దాన్ని కుట్టే పని. లంద వదిలి, ఇల్లు వదిలి, మా నాయన తరం బస్టాండు పక్కన, కోర్టు గోడ పక్కన, సినిమాహాలు ఎదురుగా గోనెపట్టా పరుచుకుని కూర్చుంది. తయారీ పెట్టుబడి చేతికి పోయింది, మరమ్మతు కులం చేతిలో మిగిలింది. ఆధునికత మా కులవృత్తిని తీసేసిందని అంటుంటారు. నిజానికి అది కూడు పెట్టే భాగాన్ని తీసుకుని, అవమానం ఉన్న భాగాన్ని మాకు వదిలింది.

రబ్బరుకు మైల లేదు

ఇక ఆరె లేని ఇళ్ల దగ్గరికి వద్దాం. 1960లు, 70ల తర్వాత మన ఊళ్లలో హవాయి చెప్పులు బాగా వచ్చాయి. హవాయి చెప్పు ఎక్కడ తెగుతుందో అందరికీ తెలుసు. వేళ్ల మధ్య పట్టీ గుండు అడుగులోంచి ఊడి వస్తుంది. అప్పుడు ఏం చేసేవారు? గుండును మళ్లీ దూర్చి, అడుగున పిన్నీసు గుచ్చి ఆపేవారు. బడికిపోయే పిల్లల దగ్గరనుంచి గుమాస్తాల దాకా ఆ పిన్నీసు మీద నడవని మనిషి ఆ తరంలో అరుదు. అరిగిన చెప్పుకు పాత చెప్పు పట్టీ తీసి వేసుకునేవారు. ఇదంతా ఎక్కడ జరిగింది? అన్ని కులాల ఇళ్లల్లో, అరుగుల మీద!

తరతరాలుగా చెప్పు ముట్టని చేతులు ఒక్కసారిగా చెప్పు బాగుచేయడం ఎలా నేర్చుకున్నాయి? మనసు మారి కాదు, సరుకు మారి. రబ్బరు చచ్చిన గొడ్డు ఒంటిమీదనుంచి రాలేదు. దానికి మైల అంటగట్టే శాస్త్రం ఎవరూ రాయలేదు. కాబట్టి ఇన్నాళ్లూ అడ్డుపడింది పని కాదు, తోలూ కాదు, తోలుతో పాటు వచ్చే మనిషి అని పిన్నీసు రుజువు చేసింది.

ఇంకో రుజువు సైకిల్. ఏ చిన్న పట్నంలోనైనా సైకిల్ షాపు, చెప్పులు కుట్టే గొడుగు పక్కపక్కనే కనిపించేవి. పంక్చరు వేసేవాడు ఏం చేస్తాడు? ట్యూబును ఉప్పుకాగితంతో గరుకు చేస్తాడు, సొల్యూషన్ పలచగా పూస్తాడు, ఆరనిస్తాడు, రబ్బరు ముక్క పెట్టి సుత్తితో కొడతాడు. మా నాయన చెప్పు అడుగు అతికించేటప్పుడు సరిగ్గా అదే చేస్తాడు. సొల్యూషన్ ఒకటే, పాత ట్యూబు ముక్క ఒకటే. సైకిల్ షాపులో పనికిరాని టైరు గొడుగు కిందికి వచ్చి చెప్పు అడుగయ్యేది. బండలమీదా ముళ్లలోనూ తిరిగే కూలీలకు టైరు చెప్పును మించింది లేదు. అయినా అతన్ని 'మెకానిక్' అన్నారు. ఇతన్ని కులం పేరుతో పిలిచారు. అతని దగ్గర బెంచీ మీద కూర్చుని టీ తాగారు. ఇతని ముందు నిలబడి చెప్పును కాలితో తోశారు. పంక్చరు షాపువాళ్లు కూడా ఎక్కువగా పేదలే, ముస్లింలే, దూదేకులవాళ్లే. వాళ్ల మీద మనకు పోటీ లేదు. అడుగుతున్నదల్లా ఇది: ఒకే గమ్ముకు ఈ చేతిలో ఒక పేరు, ఆ చేతిలో ఇంకో పేరు ఎలా వచ్చింది?

ఎవరు కుడితే గౌరవం?

చెప్పులు కుట్టే పనికి లోకమంతటా ఒకే గతి పట్టలేదు. ఇంగ్లండులో విలియం కేరీ చెప్పులు కుట్టి బతికినవాడు. కొత్త జోళ్లు తయారుచేసేవాడికీ పాతవి బాగుచేసేవాడికీ అక్కడా మెట్ల తేడా ఉండేది. తర్వాతి కాలంలో పెద్దవాళ్ల విందులో ఎవరో జోళ్లు తయారుచేసేవాడని ఎత్తిపొడిస్తే, తయారుచేసే పాటి కూడా కాదు, బాగుచేసేవాణ్ని మాత్రమేనని ఆయనే సరిదిద్దాడని చెబుతారు. ఆ మనిషి 1793లో బెంగాలుకు వచ్చి, 1801లో ఫోర్ట్ విలియం కాలేజీలో అధ్యాపకుడై, 1814లో శ్రీరాంపురంలో తెలుగు వ్యాకరణం అచ్చువేశాడు. అంటే మన భాషకు ఇంగ్లీషులో రాసిన తొలి వ్యాకరణాల్లో ఒకటి చెప్పులు కుట్టిన చేతి రాత. అదే ఏడు మన ఊళ్లో ఆరె పట్టిన చెయ్యికి పలక ముట్టే హక్కు లేదు. అక్కడ వృత్తిలోంచి బయటికి తలుపు ఉంది. ఇక్కడ గోడ ఉంది.

గాంధీ 1910లో దక్షిణాఫ్రికాలో టాల్‌స్టాయ్ ఫారంలో చెప్పులు కుట్టడం నేర్చుకున్నారు. ఆయన మిత్రుడు కాలెన్‌బాక్ క్రైస్తవ సన్యాసుల మఠంలో నేర్చుకొచ్చి మిగతావాళ్లకు నేర్పాడు. గాంధీ తయారుచేసిన ఒక జత 1914లో జనరల్ స్మట్స్‌కు కానుకగా పోయింది. పాతికేళ్ల తర్వాత, 1939లో, గాంధీ డెబ్బయ్యో పుట్టినరోజుకు స్మట్స్ వాటిని భక్తితో వాపసు పంపాడు. ఆ చెప్పుల జత చరిత్రకెక్కింది. గాంధీ ఆ పనికి దిగడం మంచిదే. కానీ పని మానేసే వీలున్నవాడు చేస్తే త్యాగమవుతుంది, ఆ వీలు లేనివాడు చేస్తే పుట్టుక అవుతుంది.

మన దగ్గర కుట్టినవాడి పేరు కథలోకి రావాలంటే ఏం ఇవ్వాల్సొచ్చిందో పన్నెండో శతాబ్దపు కళ్యాణం కథ చెబుతుంది. సమగార హరళయ్య, ఆయన భార్య తమ తొడల చర్మంతో బసవన్నకు చెప్పులు కుట్టారని శరణ సంప్రదాయం చెప్పుకుంటుంది. ఆయన కొడుక్కి బ్రాహ్మణ మధువరసు కూతురితో పెళ్లి చేసినందుకు బిజ్జలుడు ఇద్దరు తండ్రులనూ చంపించాడంటారు. గొడ్డుతోలుతో ఎన్ని జతలు కుట్టినా రాని పేరు సొంత తోలు కోసిస్తే వచ్చింది.

మన తెలుగు నేలమీద 1899లో ఎమ్మా క్లవ్ రాసిన ఒంగోలు మాదిగల పుస్తకానికి 'వైల్ సూయింగ్ శాండల్స్' అని పేరు. చెప్పులు కుడుతూ అని అర్థం. మతం మారినవాళ్ల కథలు అందులో ఉన్నాయి. 1909లో థర్‌స్టన్ దక్షిణ భారత కులాల మీద ఏడు సంపుటాలు అచ్చేశాడు. మాదిగల పెళ్లిళ్లు, దేవతలు, ఆచారాలు వాటిలో దొరుకుతాయి. వీళ్లంతా కుట్టేవాళ్లను చూశారు. కుట్టును నిదానంగా చూసి రాసే పని మనకే మిగిలింది.

ఒక మధ్యాహ్నం పాఠం

కాబట్టి ఆ మధ్యాహ్నం మా నాయన చేసింది వివరంగా రాస్తున్నాను.

ముందు పాత గమ్మునంతా రంపె మొనతో గీకి తీశాడు. గుడ్డను కాస్త పెట్రోలులో ముంచి రెండు మొహాలూ తుడిచాడు. ఆరాక ఉప్పుకాగితంతో అడుగునూ, పైభాగం అంచునూ గరుకు చేశాడు. సొల్యూషన్‌ను రెండు వైపులా పలచగా పూసి పక్కన పెట్టి చుట్ట కాల్చుకున్నాడు. పది పదిహేను నిమిషాలు. మేనల్లుడికి ఓపిక లేదు. 'వేలు పెడితే వేలుకు అంటకూడదు. అప్పుడు దానికి దాని జత మీదే మనసుంటుంది' అన్నాడు నాయన. మళ్లీ ఒక పూత, మళ్లీ ఆరబెట్టడం. అప్పుడు ముక్కునుంచి మొదలుపెట్టి గాలి చిక్కకుండా వెనక్కి అంటించుకుంటూ వచ్చి, ఇనప దిమ్మ మీద బోర్లించి సుత్తితో కొట్టాడు. ఈ గమ్ము పట్టేది ఎంతసేపు అదిమామన్నదాన్ని బట్టి కాదు, ఎంత గట్టిగా అదిమామన్నదాన్ని బట్టి. మేనల్లుడు తడి గమ్ముతో అంటించి రాత్రంతా పుస్తకాల బరువు పెట్టాడట. లోపలి తడి బయటికి పోలేదు, అతుకు నిలవలేదు.

ముక్కు దగ్గర అతుకొక్కటీ చాలదని కుట్టు వేశాడు. గట్టి ప్లాస్టిక్ అడుగు జోలికి పోలేదు, దాన్ని ఆరెతో పొడిస్తే పగులుతుంది. పైభాగానికీ ముక్కు రబ్బరుకూ ఉన్న పాత కుట్టు బొక్కల్లోంచే పోయాడు. 'కొత్త బొక్క వేస్తే తపాలా బిళ్ల అంచులాగా అక్కడే చిరుగుద్ది.' మైనం దారం రెండు కొసలకూ రెండు సూదులు, ఒక్కో బొక్కలో ఎదురెదురుగా రెండూ దూరతాయి. మిషను కుట్టులో ఒకచోట దారం తెగితే వరసగా వదిలిపోతుంది. ఈ కుట్టులో ఒక దారం తెగినా రెండోది పట్టుకునే ఉంటుంది.

మడమ లోపల అతుకు అన్నిటికంటే కష్టం. మందపు ముక్క వేస్తే మడమ బొబ్బలెక్కుతుంది. పలచటి మేకతోలు ముక్క తీసుకుని, దాని అంచులన్నీ రంపెతో చెక్కి కాగితమంత పలచన చేశాడు. చూపు సరిగా ఆనని మనిషి బొటనవేలితో తడిమి మందం కొలిచాడు. అతికించాక వేలితో రాస్తే అంచు ఎక్కడుందో తెలియలేదు. చివరికి బూటు వంచి చూసి, 'ఈ మెత్తటి అట్ట లోపల పొడి పొడి అవుతుందిరా, ఇంకో ఏడాది కంటే రాదు' అన్నాడు. అదీ నిజమే. పాలీయురేథేన్ అనే ఆ మెత్తటి సరుకు గాలిలోని తేమను పీల్చి కొన్నేళ్లకు తనంతట తానే పొడిబారుతుంది, వాడకుండా దాచినా సరే. ఆ పేరు నాయనకు తెలియదు. గుణం తెలుసు.

సైకిల్ పందేల బూట్లు కూడా ఒకప్పుడు తోలువే. ఐరోపాలో పందెగాళ్లు కొత్త బూట్లతో కొన్నాళ్లు తొక్కేవాళ్లు. పెడల్ గీత అడుగు తోలు మీద పడ్డాక, ఆ గీతకు సరిగ్గా జోళ్లు కుట్టేవాడు బిళ్లను మేకులతో కొట్టేవాడు. అది వంకర పోతే మోకాలు దెబ్బతింటుంది. 1984లో ఫ్రాన్సులో లుక్ కంపెనీ మరలతో బిగించే బిళ్లా, దాన్ని పట్టుకునే పెడలూ తెచ్చింది. వాటితోనే మరుసటి ఏడు బెర్నార్డ్ ఇనో టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు. అలా అక్కడా ఆ చేతిపని తగ్గిపోయింది. అంటే మేనల్లుడు విదేశీ వస్తువనుకున్న ఆ బూటు, మూలంలో మా గడప పక్క గూటి చుట్టమే.

ఏం చెప్పమంటావ్ మామయ్యా?

ఇక్కడ మనలో మనకే రెండు మాటలున్నాయి. 1927 మార్చిలో మహాడ్ సభలో చచ్చిన గొడ్లను మోసే పని, వాటి మాంసం తినడం మానేయమని అంబేద్కర్ పిలుపునిచ్చారు. ఆ మాట విన్నవాళ్ల పిల్లలు చదువుకున్నారు. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా పుట్టింది. డప్పునూ చెప్పునూ దాచుకోకుండా ఎత్తిపట్టింది, పేరు చివర మాదిగ అని రాసుకోమంది. ఉపకులాల వర్గీకరణ రాజ్యాంగబద్ధమేనని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం తీర్పు చెప్పేదాకా ముప్పయ్యేళ్లు అది నడిచింది. ఒకటి పని వదలమంది, ఇంకొకటి పేరు వదలొద్దంది. ఈ రెండూ ఎదురెదురు మాటలని కొందరంటారు. నాకలా తోచదు. బలవంతాన్ని వదలాలి, జ్ఞానాన్ని వదలకూడదు. వదిలిన పనికి మన పేరు లేకుండా పోతే, రేపు అదే పని చేతికళ పేరుతో, పర్యావరణం పేరుతో, పాతది పారేయకుండా వాడుకునే కొత్త నాగరికత పేరుతో వేరేవాళ్ల ఇంట్లో పుట్టినట్టు రాస్తారు. ఇప్పటికే రాస్తున్నారు.

అలాగని మేనల్లుణ్ని గొడుగు కింద కూర్చోమనడం లేదు. మా నాయనే ఒప్పుకోడు. వాడి చదువు కోసం, వాడి తల్లి చదువు కోసం కూర్చున్నాడు ఆయన అక్కడ. ఆరెను అద్దాల పెట్టెలో పెట్టి దండం పెట్టమనడమూ లేదు. విద్యార్థులు, ఉపాధ్యాయులు చేయదగిన పని ఒకటుంది. ప్రతి వాడలోనూ ఇంకా బతికున్న ముసలివాళ్ల దగ్గర కూర్చుని కుట్లు ఎన్ని రకాలు, వాటి పేర్లేమిటి, తోలు ఏ వాసన వస్తే ఊరినట్టు, ఏ దారం ఎంతకాలం ఆగుతుందో రాసుకోవడం. ఆచారాలు చాలా రాశారు. పని రాయండి. ఆడవాళ్లను ముందు అడగండి.

గొడుగు కింద కూర్చున్నవాళ్ల సంగతి కూడా ఉంది. ఎండకూ పోలీసు లాఠీకీ మధ్య రోజంతా కూర్చునేవాళ్లకు నాలుగు గజాల సొంత చోటు, బేరంలేని కూలి ఇవ్వకుండా ఎంత గౌరవించినా అది నోటిమాటే. అందుకే మేనల్లుడికి ముందు చెప్పింది ఇది: మడమ మళ్లీ అరిగితే ఇంట్లో అతికించుకోవద్దురా. వీధి చివర ఆయన దగ్గరికి పో. అడిగినంత ఇయ్యి. 'మా తాతా ఇదే పని చేశాడు' అని ముందు ఆయనకు చెప్పు. ఆయనకు చెప్పగలిగిన రోజు సైకిల్ స్నేహితులకు చెప్పడం కష్టం కాదు.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'ఆయన పేరు కూడా నాకు తెలియదు మామయ్యా' అన్నాడు.

కనుక్కోమన్నాను.